విదేశాలలో నివాస ఫెలోషిప్‌లు: నల్లగొండ, పాలమూరు పరిశోధకులకు, కళాకారులకు ఒక పరిచయము

మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో ‘ఫెలోషిప్’ అనగానే ఊరి చివర రేకుల షెడ్డుకు కట్టిన ప్రార్థనా మందిరపు బోర్డు కళ్లముందు మెదులుతుంది. ‘రెసిడెన్షియల్’ అనగానే గురుకుల పాఠశాల గుర్తుకు వస్తుంది. ఈ రెండు మాటలనూ కలిపి ‘రెసిడెన్షియల్ ఫెలోషిప్’ అన్నప్పుడు వేదాంత విద్యార్థులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే విధముగా ఉంటాయి. అది డిగ్రీయా? ఉద్యోగమా? అక్కడే ఉండిపోవచ్చునా? సంఘానికి ఏదైనా సహాయము వస్తుందా? నాలుగింటికీ జవాబు కాదు, లేదు అనే. అడిగినవారి ముఖము చిన్నబోవడము మేము చాలాసార్లు చూశాము. మరి అది ఏమిటో, మన రెండు జిల్లాల వారికి దాని అవసరము ప్రత్యేకముగా ఎందుకున్నదో ఈ వ్యాసములో వివరించడానికి ప్రయత్నిస్తాము.

జిల్లాల గూర్చి ఒక మాట. 2016లో ఈ రెండు జిల్లాలు విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా వేరయింది. మేము ఇక్కడ పాత హద్దులనే పాటిస్తున్నాము. మిషను కాగితాలలో కనిపించేవి ఆ పాత పేర్లే.

గురుకులము నుండి మొదలుపెడితే

1971లో నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామములో రాష్ట్రములోనే మొదటి గురుకుల పాఠశాల ఆరంభమయింది. పి.వి. నరసింహారావుగారి చొరవతో వచ్చిన ఆ పాఠశాల వెనుక ఉన్న ఆలోచన చాలా సులువైనది. పల్లెలో తెలివైన పిల్లవాడికి తెలివి కొరత లేదు, పుస్తకము కొరత కొంత ఉన్నది, కాని అన్నిటికంటె పెద్ద కొరత సమయము. పొద్దున బర్రెలు, సాయంత్రము నీళ్లు, నడుమ చెల్లెలిని ఎత్తుకోవడము. ఆ పిల్లవాడిని ఇంటి పనుల నుండి తప్పించి, వేళకు అన్నము పెట్టి, తోటి పిల్లల నడుమ కూర్చోబెడితే చదువు దానంతట అదే సాగుతుంది.

నివాస ఫెలోషిప్ అంటే పెద్దవారికి పెట్టిన గురుకులమే. ఒక రచయితకో, చిత్రకారుడికో, సంగీత విద్వాంసుడికో, చరిత్ర పరిశోధకుడికో కొన్ని వారాలు మొదలుకొని ఒక సంవత్సరము వరకు ఉండడానికి గది ఇస్తారు, రాసుకోవడానికి బల్ల ఇస్తారు, దగ్గరలో మంచి గ్రంథాలయము ఉంటుంది. కొన్ని చోట్ల భోజనము, కొన్ని చోట్ల నెలసరి భత్యము, విమానపు ఖర్చులు కూడా ఇస్తారు. పరీక్ష లేదు, పట్టా లేదు. బదులుగా అడిగేది ఒక్కటే: మీరు మొదలుపెట్టిన పనిని ముందుకు నడపండి. సాయంత్రము భోజనాల బల్ల దగ్గర ఒకవైపు నాటక రచయిత, ఒకవైపు పాత లిపులు చదివే పండితుడు కూర్చుంటారు. వారితో జరిగే మాటలు గ్రంథాలయములో దొరకని చదువు అని వెళ్లి వచ్చినవారు చెబుతారు.

ఇటువంటి ఏర్పాటుకు లోకములో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అమెరికాలో సంగీతకర్త ఎడ్వర్డ్ మెక్‌డోవెల్, ఆయన భార్య మరియన్ 1907లో న్యూహాంప్‌షైర్ అడవులలో కళాకారుల కొరకు కుటీరాలు ఏర్పాటు చేశారు. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున బెల్లాజియోలో రాక్‌ఫెల్లర్ సంస్థ 1959 నుండి పండితులకు, కళాకారులకు ఆతిథ్యము ఇస్తున్నది. అయోవా విశ్వవిద్యాలయములో 1967లో అంతర్జాతీయ రచయితల కార్యక్రమము మొదలయింది. బెర్లినులో ఉన్నత పరిశోధనల కొరకు విస్సెన్‌షాఫ్ట్స్‌కొల్లెగ్ 1981లో ఏర్పడింది. మన దేశస్థులకు మాత్రమే ఉద్దేశించినది ఛార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు. కలకత్తాలో వ్యాపారము చేసి ధనము గడించి 1916లో చనిపోయిన ఒక ఆంగ్లేయుని సొమ్ముతో అది 1981లో ఏర్పడి, కళలలోను మానవీయ శాస్త్రాలలోను పని చేసే భారతీయులను బ్రిటనుకు పంపుతూ వచ్చింది. భారత అమెరికా దేశాల నడుమ 1950లో కుదిరిన ఫుల్‌బ్రైట్ ఒప్పందము 2008 నుండి ఫుల్‌బ్రైట్ నెహ్రూ అనే పేరుతో నడుస్తున్నది. వీటన్నిటి జాబితా ఇవ్వడము మా ఉద్దేశము కాదు. జాబితా ఎక్కడైనా దొరుకుతుంది.

డోన్ కుమార్తెలు కట్టించిన ఇళ్లు

సంఘాల వైపు నుండి పుట్టిన నివాస కేంద్రాలు వేరే ఉన్నాయి. జెనీవా దగ్గర బోసే ఎక్యుమెనికల్ ఇన్‌స్టిట్యూట్ 1946లో, మిన్నెసోటాలో కాలేజ్‌విల్ ఇన్‌స్టిట్యూట్ 1967లో మొదలయ్యాయి. వీటిలో మన పాఠకులు తప్పక తెలుసుకోవలసినది ఓవర్సీస్ మినిస్ట్రీస్ స్టడీ సెంటర్. దీని కథ కొంచెము విపులముగా చెప్పవలసి ఉన్నది.

విలియం హోవర్డ్ డోన్ అనే బాప్టిస్టు పారిశ్రామికుడు ఉండేవారు. చెక్కపని యంత్రాలు తయారు చేసి ధనవంతుడయ్యారు, ఖాళీ సమయములో ఫ్యానీ క్రాస్బీ పాటలకు రాగాలు కట్టారు. ఆ రాగాలలో కొన్ని తెలుగు మాటలతో మన సంఘాలలోనూ వినిపిస్తాయి. ఆయన కుమార్తెలు 1922లో న్యూజెర్సీ సముద్రతీరములోని వెంట్నార్‌లో సెలవు మీద వచ్చిన మిషనెరీ కుటుంబాల కొరకు ఇళ్లు ఏర్పాటు చేశారు. ఏళ్ల తరబడి ఆసియా, ఆఫ్రికా ఎండలలో పని చేసి వచ్చినవారు తమ స్వదేశములోనే అతిథులుగా ఎవరి ఇంటిలోనో తలదాచుకోవలసి రాకూడదని వారి ఆలోచన.

కాలము మారింది. పాశ్చాత్య మిషనెరీల సంఖ్య తగ్గింది, ఆసియా ఆఫ్రికా సంఘాల నుండి వచ్చే బోధకులు, పరిశోధకులు పెరిగారు. 1987లో ఆ కేంద్రము యేల్ విశ్వవిద్యాలయము ఉన్న న్యూహేవెన్‌కు మారింది. 2020లో ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీకి తరలింది. సెలవు గృహముగా మొదలైనది పరిశోధన గృహముగా మారిన తీరు గమనించదగినది. మన విద్యార్థులు గ్రంథసూచిలో తరచు చూసే ‘ఇంటర్నేషనల్ బులెటిన్’ పత్రిక కూడా అక్కడి నుండి వెలువడినదే.

ఈ కేంద్రము 2000ల ఆరంభములో చిత్రకారులకు కూడా తలుపు తెరిచింది. శ్రీలంకకు చెందిన నళిని జయసూర్య, థాయిలాండు చిత్రకారుడు సవాయి చిన్నవాంగ్, మలేషియా నుండి హన్నా వర్గీస్, ఫిలిప్పీన్స్ నుండి ఇమ్మానుయేలు గరిబాయ్ అక్కడ నివాస కళాకారులుగా ఉండి చిత్రాలు వేశారు. వారు గీసిన క్రీస్తు వారి వారి నేలల మనిషిగా కనిపిస్తాడు. మన మందిరాల గోడల మీద ఇప్పటికీ నీలి కళ్ల క్యాలెండరు బొమ్మలే ఉండడము చూసినప్పుడు మాకు కలిగే విచారము ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాము.

మన చరిత్ర ఎవరి అల్మారాలో ఉన్నది?

ఇక అసలు విషయానికి వస్తాము. నల్లగొండ, పాలమూరు సంఘాల చరిత్రకు నివాస ఫెలోషిప్‌తో ఏమి సంబంధము?

1889లో రష్యా సామ్రాజ్యములోని మెన్నొనైట్ గ్రామాల నుండి అబ్రహాము ఫ్రీసెన్, ఆయన భార్య మరియ మన దేశానికి వచ్చారు. ఆ గ్రామాలు నేటి ఉక్రెయినులో ఉన్నాయి. వారి ఇంటి భాష జర్మను. అమెరికను బాప్టిస్టు మిషనుతో కలిసి వారు నల్లగొండలో పరిచర్య ఆరంభించారు. వారి వెనుక అదే సంఘాల నుండి వచ్చినవారు సూర్యాపేట, జనగామ, మహబూబ్‌నగర్ కేంద్రాలలో పని చేశారు. మొదటి ప్రపంచ యుద్ధము, ఆ వెంటనే రష్యా విప్లవము వచ్చి ఆ దేశము నుండి అందే సహాయము ఆగిపోయింది. మరోవైపు అమెరికాలోని మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు 1899లో తమ మొదటి మిషనెరీలను పంపాయి. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి ప్రాంతాలలో వారి కేంద్రాలు వెలిశాయి. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కూడా బాప్టిస్టుల నుండి వారికి మారాయి.

అంటే ఒక పాలమూరు పల్లెలో 1930లో బాప్తిస్మము పొందిన కుటుంబము గూర్చి తెలుసుకోవాలంటే దేశదేశాల అల్మారాలు వెదకాలి. అమెరికను బాప్టిస్టు కాగితాలు అమెరికను బాప్టిస్టు చరిత్ర సంస్థ దగ్గర ఉన్నాయి. ఆ సంస్థ 2008లో జార్జియా రాష్ట్రములోని అట్లాంటాకు మారింది. మెన్నొనైట్ బ్రదరెన్ మిషను బోర్డు కాగితాలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో భద్రపరచబడ్డాయి. ఫ్రీసెన్‌గారు నడిపిన ‘దాస్ ఎర్న్‌టెఫెల్డ్’ పత్రిక, అంటే ‘కోత పొలము’, జర్మను భాషలో ఉన్నది. అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వారి ‘త్సియోన్స్‌బోటె’ పత్రికదీ అదే భాష.

మరి ఇక్కడ ఏమున్నది? బాప్తిస్మపు రిజిస్టర్లు, పెండ్లి రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, స్మశానాల రాళ్లు, వృద్ధుల జ్ఞాపకాలు. రిజిస్టర్లకు చెదలు పట్టిన మందిరాలు మేము చూశాము. ఒక చోట పాత పెండ్లి రిజిస్టరు కాగితాలు ఉపదేశి ఇంటిలో పప్పు డబ్బా అడుగున పరచి ఉన్నాయి. ఆయనను తప్పుపట్టడానికి లేదు, అవి ఎందుకు పనికివస్తాయో ఎవరూ ఆయనకు చెప్పలేదు.

అక్కడి కాగితాల ఆధారముగా పుస్తకాలు రాకపోలేదు. పీటర్ పెన్నర్ 1997లో రష్యనులు, ఉత్తర అమెరికనులు, తెలుగువారు అనే మూడు పేర్లను శీర్షికలో పెట్టి మెన్నొనైట్ బ్రదరెన్ మిషను చరిత్ర రాశారు. శ్రమతో చేసిన పని అది. అయితే మిషనెరీ ఉత్తరము మిషనెరీ కంటితో చూసి రాసినది. అందులో బంగళా ఎప్పుడు కట్టారో, ఎవరికి జ్వరము వచ్చిందో, బోర్డును ఎంత డబ్బు అడిగారో వివరముగా ఉంటుంది. ఆ దొర ముందు నడిచి మాలపల్లెలో, మాదిగవాడలో మొదట మాట్లాడిన తెలుగు ఉపదేశి, ఇంటింటికి తిరిగిన బైబిలు స్త్రీ అందులో దొరికితే ఒక పేరుగా దొరుకుతారు, ఇంటిపేరు ఉండదు, ఊరు ఉండదు. ఆ ఊరిలో ఆమె మనుమరాలు నేటికీ ఉండవచ్చు. ఫ్రెస్నోలో కూర్చున్న పరిశోధకుడికి ఆ సంగతి తెలిసే దారి లేదు, ఆ మనుమరాలికి ఫ్రెస్నో సంగతి తెలియదు. ఈ రెండింటినీ కలిపే మనిషి ఆరు నెలలు అక్కడ కూర్చుని చదవవలసి ఉన్నది. మా దృష్టిలో ఫెలోషిప్ అవసరము ఇదే.

స్కాను చేసి పంపితే చాలదా అని కొందరు అడుగుతారు. కొన్ని కాగితాలు అలా దొరుకుతున్న మాట నిజమే, పాత జర్మను అచ్చును, చేతిరాతను చదివే కంప్యూటరు సాధనాలు కూడా వచ్చాయి. కాని ఏ పెట్టె తెరిపించాలో తెలియాలంటే పెట్టెల మధ్య తిరగాలి. పైగా మన బోధకులకు లేనిది స్కాను కంటె ముందు తీరిక. నాలుగు ఊళ్ల సంఘాలు, వారానికి రెండు ఉపవాస కూటాలు, మధ్యలో ఆసుపత్రి, పోలీసు స్టేషను, పెండ్లి చర్చలు. ఇంటిలో కూర్చుని స్కాను చేసిన ఉత్తరాలు చదువుదామనుకున్న ఒక సేవకుడు ఏడాదిలో పదకొండు పేజీలు చదివానని మాతో చెప్పాడు.

అటు నుండి ఇటు వచ్చినవారు

ప్రయాణము ఒకే వైపు సాగలేదు. పాల్ హీబర్ట్ 1932లో షంషాబాదులో మిషనెరీ దంపతులకు పుట్టారు. 1960లలో ఇక్కడ పరిచర్య చేస్తూ ఒక తెలంగాణ గ్రామాన్ని కులాలు, వృత్తులు, పండుగలు, తగాదాలతో సహా పరిశీలించి రాసిన ‘కొండూరు’ గ్రంథము 1971లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువడింది. 1982లో ఆయన రాసిన వ్యాసము మన తరగతులలో ఇప్పటికీ చెబుతారు. పాశ్చాత్యుడు పైన దేవుడిని, క్రింద విజ్ఞానశాస్త్రాన్ని ఉంచుకొని, మధ్య అంతస్తును ఖాళీ వదిలేశాడని, దిష్టి, దయ్యము, తాయెత్తు, పూనకము ఉండేది ఆ మధ్య అంతస్తులోనేనని అందులోని వాదన. పల్లెలో ఆయన విన్నది, చూసినది లేకుండా ఆ వాదన పుట్టేది కాదు. వినడము ఇక్కడ జరిగింది, రాయడము విశ్వవిద్యాలయాలలో దొరికిన తీరికలో జరిగింది. 2007లో ఆయన మరణించేనాటికి ప్రపంచ మిషను విద్యలో ప్రసిద్ధుడయ్యారు. ఆయనతో మాట్లాడిన పల్లెవాసులు ఎవరికీ తెలియరు. దీనిని నిందగా రాయడము లేదు, కాని గమనించకుండా దాటిపోలేము.

రెండవ ఉదాహరణ మనకు మరింత ఉపయోగపడుతుంది. పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ ప్రాంతపు పల్లె క్రైస్తవుల మీద 1959లో చేసిన అధ్యయనము 1968లో పుస్తకముగా వచ్చింది. అమెరికను పండితుని పేరు ముందుండి, తెలుగువాని పేరు కృతజ్ఞతలలో ఉండడము ఆనాటి మామూలు. ఇక్కడ లూక్‌గారి పేరు ముందున్నది. కార్మన్ తరువాత 1973 నుండి 1989 వరకు హార్వర్డులోని ప్రపంచ మతాల అధ్యయన కేంద్రానికి సంచాలకులుగా ఉన్నారు. ఆ కేంద్రము కూడా నివాస కేంద్రమే, వేరు వేరు మతాల పండితులు ఒకే ఆవరణలో కాపురముండి చదువుకునేలా దానిని కట్టారు. యాభై ఏళ్ల తరువాత అవే పల్లెలలో ఏమి మారిందో చూడడానికి కార్మన్, మన చిల్కూరి వసంతరావుగారు కలిసి పని చేశారు. ఆ పుస్తకము 2014లో వెలువడింది. మెదక్ పల్లెలకు రెండుసార్లు లెక్క తీసినవారు ఉన్నారు. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట పల్లెల సంఘాలకు అటువంటి పని మిగిలే ఉన్నది.

కళాకారుల మాట

కళాకారులలో మనకు దారి చూపినవారు డాక్టర్ పులిదిండి సాల్మన్‌రాజుగారు. 1921లో పుట్టిన ఈ లూథరను బోధకుడు చెక్క అచ్చులలోను, బాతిక్ గుడ్డ మీదను బైబిలు కథలను మన పల్లె మనుషులతో చిత్రించారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని సెల్లీ ఓక్ కళాశాలలలో బోధించారు. బైబిలు మిషను స్థాపకుడు దేవదాసుగారి ఉద్యమము మీద ఆయన చేసిన పరిశోధన 1986లో అచ్చయింది. ఒకే మనిషిలో చిత్రకారుడు, పరిశోధకుడు ఉండడము విదేశీ నివాసములో ఆయనకు మేలు చేసింది. గమనించవలసినది తరువాతి భాగము. ఆయన తిరిగి వచ్చి విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమము నెలకొల్పారు. 2019లో కన్నుమూసేవరకు గీస్తూనే ఉన్నారు.

మన రెండు జిల్లాలలో అటువంటి పనికి పనిముట్లు లేవా? పుట్టపాక నేతగాళ్ల తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర మీద, డప్పు మీద, లంబాడి తండాల పాటల వరుసల మీద క్రైస్తవ గీతాలు కట్టినవారు మన సంఘాలలోనే ఉన్నారు. వారిలో చాలామంది తమను కళాకారులుగా అనుకోరు. క్యాసెట్ల కాలములో పాడినవి క్యాసెట్టుతోనే పోయాయి. నివాస కళాకారుని దరఖాస్తుకు కావలసిన నమూనాలు అవే కదా. నాలుగు పాటలు శుభ్రముగా రికార్డు చేసి, ఒక్కొక్క పాట ఏ వరుస మీద కట్టారో, ఆ వరుస ఎవరి దగ్గర నేర్చారో ఒక పేజీ రాసి ఉంచినవారు మాకు తెలిసి చాలా అరుదు.

దరఖాస్తు విషయాలు

ప్రతి సంస్థకూ దాని నియమాలు దానికున్నాయి, అవి ఏటేటా మారుతాయి. కాని మూలము ఒకటే. చేయబోయే పని గూర్చి రెండు మూడు పేజీల వివరణ, ఇదివరకు చేసిన పని నమూనాలు, జీవిత వివరాలు, ఇద్దరు ముగ్గురి సిఫారసు ఉత్తరాలు. ఏడాది ముందుగా పంపవలసి ఉంటుంది. మేము చూసిన దరఖాస్తులలో ఎక్కువ భాగము వివరణ దగ్గరే పోయాయి. ‘తెలంగాణలో క్రైస్తవ్యము’ అని రాస్తారు. ‘1920 నుండి 1940 వరకు దేవరకొండ ప్రాంతములో బైబిలు స్త్రీలు, మూడు సంఘాల రిజిస్టర్ల ఆధారముగా’ అని రాసినవాడిని అక్కడివారు పిలుస్తారు. అతని దగ్గర అప్పటికే రిజిస్టర్ల ఫొటోలు ఉన్నాయని, వృద్ధులతో మాట్లాడాడని వారికి తెలుస్తుంది. పని ఇక్కడ సగము కాకుండా అక్కడికి వెళ్లినవాడు కిటికీలో నుండి మంచు చూసి తిరిగి వస్తాడు.

సిఫారసు ఉత్తరాల గూర్చి ఒక అనుభవము. మా విద్యార్థి ఒకడు అన్నీ సిద్ధము చేసుకున్నాడు. ఉత్తరము ఇవ్వవలసిన పెద్దమనిషి ‘నువ్వే రాసి తీసుకురా, సంతకము పెడతాను’ అన్నారు. వాడు సంకోచముతో నాలుగు చప్పని వాక్యాలు రాసుకున్నాడు, ఫలితము మీరు ఊహించగలరు. శిష్యుని గూర్చి ఒక పేజీ రాయడానికి గురువుకు ఒక సాయంత్రము పడుతుంది. ఆ సాయంత్రము ఇవ్వని మనము వాని ఇంగ్లీషును నిందించడము న్యాయము కాదు. ఈ మాట మాకు కూడా వర్తిస్తుంది.

పేర్ల చిక్కు మరొకటి. మన సంఘాలలో చాలామందికి రెండు పేర్లు. బడిలో, ధ్రువపత్రాలలో ఒకటి, బాప్తిస్మములో మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా లేకపోవడము, వారిని వెనుకబడిన తరగతుల సి వర్గములో చేర్చడము దీని వెనుకనున్న బాధ అని పాఠకులకు వేరుగా చెప్పనక్కర లేదు. పాస్‌పోర్టులో ఒక పేరు, అచ్చయిన వ్యాసము మీద మరొక పేరు ఉంటే అక్కడి కార్యాలయము ఇద్దరు మనుషులనుకుంటుంది. వ్యాసాలు ఏ పేరుతో వెలువడాలో మొదటి వ్యాసమప్పుడే నిర్ణయించుకోవడము మంచిది.

ప్రభుత్వ సహాయము గూర్చి అపోహలున్నాయి. మైనారిటీ విద్యార్థుల కొరకు తెలంగాణ ప్రభుత్వము 2015లో ప్రారంభించిన విదేశీ విద్యా పథకము డిగ్రీ చదువులకు ఉద్దేశించినది, ఇటువంటి నివాసాలకు కాదు. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ విషయములో 2022లో ఒక నిబంధన వచ్చింది. భారత సంస్కృతి, వారసత్వము, చరిత్ర, భారతదేశము మీద సామాజిక అధ్యయనము అంశాలుగా తీసుకొనేవారికి ఆ స్కాలర్‌షిప్ వర్తించదని. దళిత విద్యార్థి విదేశాలకు వెళ్లి ఇంజనీరింగు చదవవచ్చు, తన తాతల చరిత్ర మాత్రము చదవకూడదు. ఈ నిబంధన వలన మానవీయ శాస్త్రాల వారికి సంఘాల, ట్రస్టుల ఫెలోషిప్‌ల అవసరము మరింత పెరిగింది.

వెళ్లి అక్కడే ఉండిపోవడము గూర్చి. పాలమూరు నుండి వలస మనకు కొత్త కాదు. అడ్వాన్సు తీసుకొని మేస్త్రి వెంట ఆనకట్టల పనికి వెళ్లినవారి మనుమలము మనము. కనుక ఎవరైనా విమానము ఎక్కుతున్నారంటే సంఘము కృతజ్ఞత కూటము పెట్టి, ఇక రాడని మనసులో అనుకుంటుంది. ఫుల్‌బ్రైట్ వంటి ప్రభుత్వ నిధులతో వెళ్లినవారు స్వదేశములో రెండేళ్లు ఉన్న తరువాతనే అమెరికాలో ఉద్యోగ వీసాకు, గ్రీన్ కార్డుకు అర్హులవుతారు. మిగిలిన చోట్ల నిబంధనలు ఏవైనా, వెళ్లే ముందే సంఘముతో స్పష్టముగా మాట్లాడుకోవాలి: ఎన్ని నెలలు, ప్రసంగము ఎవరు చెబుతారు, భార్యాపిల్లలు ఎక్కడ ఉంటారు, జీతము ఆగుతుందా. స్త్రీల విషయములో ఈ మాటలు మరింత కష్టము. బోధకుని భార్య పరిశోధకురాలై ఆరు నెలలు వెళతానంటే ‘అయ్యగారికి వంట ఎవరు చేస్తారు’ అన్నదే మొదటి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు కమిటీ దగ్గర లేకపోతే మంచి దరఖాస్తులు రాసేముందే ఆగిపోతాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఏమి తేవాలో కూడా ముందే అడిగి ఉంచుకోవాలి. కాగితాల నకళ్లు తీసుకోవడానికి, ఇక్కడి గ్రంథాలయములో ఉంచడానికి లిఖితపూర్వకముగా అనుమతి కోరితే సాధారణముగా దారి దొరుకుతుంది. ఒకరి ల్యాప్‌టాపులో ఉండిపోయిన నకలు ఫ్రెస్నోలో ఉన్న పెట్టె కంటె దూరము.

చివరిగా ఊళ్ల పేర్ల సంగతి. జర్మను భాష మాట్లాడే మనిషి తెలుగు ఊరి పేరు చెవికి ఎలా వినపడితే అలా తన అక్షరాలలో రాసుకున్నాడు. మన ‘ళ’ ఒకచోట ‘ల’ అవుతుంది, మరొకచోట ‘డ’ అవుతుంది, ‘పల్లి’కీ ‘పాలెము’కూ తేడా చెరిగిపోతుంది. ఆ మండలములో సైకిలు మీద తిరిగిన సేవకుడు ఆ పేరును బిగ్గరగా చదివితే ఊరు పట్టుబడుతుంది, భాషా పండితునికి పట్టుబడదు. కొన్ని ఊళ్లు ఇప్పుడు పటములో కూడా దొరకవు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు క్రింద నల్లగొండ జిల్లా పల్లెలు మునిగాయి. 1980ల ఆరంభములో శ్రీశైలము నీళ్లకు కృష్ణ ఒడ్డున పాలమూరు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లలో ఎవరి ఇంటి ముందు ప్రార్థనకు కూడుకునేవారో, వేపచెట్టు క్రింద మొదట ఎవరు మాట్లాడారో చెప్పగల వృద్ధులు కొల్లాపూరు, దేవరకొండ వైపు పునరావాస కాలనీలలో ఇంకా కొందరున్నారు. వారి దగ్గరకు ముందు వెళ్లి, ఊళ్ల పేర్లు వారి నోట పలికించి రాసుకొని, ఆ పట్టికను వెంట తీసుకువెళ్లినవారికే అక్కడి ఉత్తరాలలోని ఊళ్లు గుర్తుకు అందుతాయి.